64 మంది ఉన్న కౌంటీ

టెక్సస్ పడమటి కొసన, న్యూమెక్సికో సరిహద్దును ఆనుకుని లవింగ్ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. విస్తీర్ణం సుమారు 1,750 చదరపు కిలోమీటర్లు. 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలింది 64 మంది. మన ఊళ్లో ఒక పెళ్లికి ఇంతకంటే ఎక్కువ మంది వస్తారు. అమెరికా కౌంటీలన్నింటిలోనూ ఇదే అతి తక్కువ.

ఎందుకింత తక్కువ? ఎడారి కాబట్టి అనేస్తే సగమే చెప్పినట్టు. అసలు కారణం నేల అడుగున ఉంది. సుమారు 30 కోట్ల నుంచి 25 కోట్ల ఏళ్ల క్రితం, పెర్మియన్ యుగంలో, ఇక్కడ సముద్రం ఉండేది. దానిలో బతికిన సూక్ష్మజీవులు చచ్చి బురదలో కూరుకుపోయి, కోట్ల ఏళ్ల వేడికీ ఒత్తిడికీ చమురుగా మారాయి. చివర్లో ఆ సముద్రం ఎండిపోతూ దళసరి ఉప్పు పొరలు మిగిల్చింది. చమురూ ఉప్పూ రెండూ ఆ సముద్రం ఇచ్చినవే. ఇక్కడి చరిత్రంతా ఈ రెండింటి మధ్యే నడిచింది.

కౌంటీకి పడమటి హద్దు పేకోస్ నది. ఎగువన, న్యూమెక్సికోలో, ఆ ఉప్పు పొరలను తాకి వచ్చే ఊటలు నదిలో కలుస్తాయి. దాంతో ఎడారిలో దొరికే ఆ కాస్త నీరూ ఉప్పగా మారుతుంది. ఏడాదికి పడే వాన పాతిక సెంటీమీటర్ల చిల్లర. పంటలు పండి ఊళ్లు కట్టుకునే చోటు కాదిది.

అయినా ఆశపెట్టినవాళ్లు ఉన్నారు. పశువుల మందలను పేకోస్ వెంట తోలిన ఆలివర్ లవింగ్ పేరుతో 1887లో కౌంటీ ఏర్పడింది. 1890 లెక్కల్లో ఉన్నది ముగ్గురే! మూడేళ్లకే డెన్వర్ నుంచి వచ్చిన కొందరు కాలువ తవ్వుతామని చెప్పి, ఓటర్లున్నట్టు కాగితాల మీద చూపించి, ఎన్నికలు జరిపించి పాలనను చేతుల్లోకి తీసుకున్నారు. ఆ మోసం బయటపడ్డాక 1897లో కౌంటీని రద్దు చేశారు.

1921లో చమురు పడింది. మనుషులు వచ్చారు. 1931లో కౌంటీ మళ్లీ నిలబడింది, మెంటోన్ ముఖ్యపట్టణమైంది. 1940లో జనాభా 285. బావుల దిగుబడి తగ్గేకొద్దీ అదీ తరిగిపోయింది: 1970లో 164, 2000లో 67.

గత పదిహేనేళ్లలో నేలను అడ్డంగా తొలిచి రాతిని చీల్చే పద్ధతితో లవింగ్ టెక్సస్‌లో అగ్రశ్రేణి చమురు కౌంటీల్లో ఒకటైంది. రోడ్ల నిండా ట్రక్కులు, తాత్కాలిక క్యాంపుల నిండా కార్మికులు. వాళ్లలో ఎక్కువమంది ఇళ్లు వేరే చోట ఉంటాయి కాబట్టి జనాభా లెక్కకు రారు. పిల్లలకు బడి కూడా పక్క కౌంటీలోని వింక్ ఊళ్లోనే.

చమురుతో పాటు దానికి కొన్ని రెట్లు ఉప్పునీరు కూడా పైకి వస్తుంది. దానిలో కొంతే తిరిగి వాడగలరు, నదిలో వదల్లేరు, అందుకే మిగతాది మళ్లీ లోతుకు పంపిస్తున్నారు. ఆ ఒత్తిడికి పాత పగుళ్లు కదిలి భూకంపాలు వస్తున్నాయి. 2022 నవంబర్ 16న మెంటోన్‌కు పడమరగా 5.4 తీవ్రతతో భూమి కంపించింది. తర్వాత ఆ ప్రాంతంలో లోతు బావుల్లోకి ఉప్పునీరు పంపడంపై టెక్సస్ అధికారులు కట్టడి పెట్టారు.