కాన్పుల కోసం పెట్టిన ఆశమ్మ చేతికి బీపీ మిషన్ ఎలా వచ్చింది?

విశాఖ చుట్టుపక్కల పద్మనాభం, ఆనందపురం, భీమిలి పల్లెల్లో చాలా ఇళ్లలో ఇప్పుడు బీపీ బిళ్ళలు, షుగర్ బిళ్ళలు ఉంటున్నాయి. అవి అయిపోయాయా, రోజూ వేసుకుంటున్నారా, "ఒంట్లో బాగానే ఉంది కదా" అని మానేశారా అని గుమ్మం దాకా వచ్చి అడిగే మనిషి ఎక్కువగా ఆశా కార్యకర్తే. అయితే ఆ మనిషిని ఈ పని కోసం పెట్టలేదు. ఇవాళ ఆశల మీద ఉన్న భారం గురించి మాట్లాడాలంటే ముందు ఈ సంగతి తెలియాలి.

ఊళ్లోవాళ్లకే కొంత శిక్షణ ఇచ్చి వైద్యం అందించాలన్న ఆలోచన పాతదే. 1977 అక్టోబర్ 2న కేంద్రం ఒక పథకం మొదలుపెట్టింది. వెయ్యి మంది జనాభాకు ఒక ఆరోగ్య కార్యకర్త, మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయలు, చేతికి ఒక మందుల పెట్టె. ఎంపికైన వాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. డాక్టర్ల సంఘాల నుంచి వ్యతిరేకత వచ్చింది, 1981లో పేరు మారింది, తర్వాత డబ్బుల దగ్గర కేంద్రం, రాష్ట్రాలు ఒకరి మీద ఒకరు తోసుకుంటూ ఉండగా పథకం నీరుగారిపోయింది.

మళ్లీ 2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశ వచ్చింది. ఈసారి ఆడవాళ్లే, అదే ఊరి కోడలో, భర్త పోయినావిడో, విడిగా ఉంటున్నావిడో, వయసు 25 నుంచి 45, చదువు ఎనిమిదో తరగతి. అప్పట్లో దేశంలో లక్ష కాన్పులకు 254 మంది తల్లులు చనిపోతున్నారు, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 154 మంది. అందుకే గర్భిణుల నమోదు, ఆసుపత్రి కాన్పు, పిల్లల టీకాలు, వీటి చుట్టూనే ఆశ పని అల్లారు, డబ్బులు కూడా వాటికే. 2018-20 నాటికి దేశంలో ఆ సంఖ్య 97కి, ఆంధ్రలో 45కి దిగింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, కానీ అర్ధరాత్రి పురిటి నొప్పులొచ్చిన అమ్మాయితో పాటు ఆటోలో కూర్చుని ఆసుపత్రికి వెళ్లిన ఈ ఆడవాళ్లను పక్కన పెట్టి ఆ లెక్క చెప్పడం అన్యాయం.

కానీ సరిగ్గా ఆశ పథకం వస్తున్న కాలంలోనే గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో జరిగిన మరణాలను పరిశోధకులు లెక్క తీశారు. 2003-04లో జరిగిన ఆ చావుల్లో సుమారు మూడో వంతు గుండె జబ్బులు, పక్షవాతం లాంటి రక్తప్రసరణ సంబంధమైనవి. అంటువ్యాధుల వాటా దాదాపు 12 శాతం. అంటే ఆశ పని ఏమిటో కాగితం మీద రాస్తున్న రోజులకే పల్లెల్లో జనాన్ని తీసుకుపోతున్న జబ్బు మారిపోయింది. "షుగర్ పట్నం వాళ్ల జబ్బు" అన్న నమ్మకం మాత్రం ఇంకా చాలా ఏళ్లు బతికింది.

ఆ తర్వాత వచ్చినవి ముక్కలు ముక్కలుగా వచ్చాయి. 2008లో 104 బండి మొదలై నెలకోసారి ఊరికి రావడం, బీపీ, షుగర్, మూర్ఛ లాంటి జబ్బులకు మందులివ్వడం మన దగ్గర పెద్ద మార్పే. 2010లో కేంద్రం క్యాన్సర్, మధుమేహం, గుండె జబ్బులకు జాతీయ కార్యక్రమం పెట్టింది, అది ఎక్కువగా ఆసుపత్రుల్లో క్లినిక్‌ల చుట్టూ తిరిగింది. ఆశ గుమ్మం దాకా పని వచ్చింది ఆ తర్వాత, 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరినీ పరీక్షించాలన్న కార్యక్రమంతో. సీబ్యాక్ ఫారం అంటారు, పొగాకు, మద్యం, వ్యాయామం, నడుము కొలత, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బులున్నాయా, అన్నీ అడిగి మార్కులు వేసి, నాలుగు దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. కేంద్రం లెక్కలో ఫారానికి 10 రూపాయలు, జబ్బు ఉన్నవాళ్లను ఆరు నెలలు వెంటపడి చూసుకుంటే ఒక్కొక్కరికి 50. పల్లెలో పరాయి మగవాడి నడుముకు టేపు చుట్టాల్సిన ఆవిడ ఇబ్బంది ఆ ఫారం తయారుచేసినవాళ్లకు తట్టిందో లేదో.

పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల) పరిధిలో జరిగిన ఇంకో పరిశోధన ఉంది, నాకు ఈ మొత్తం కథలో అదే ముఖ్యం. ఆశలకు ట్యాబ్ ఇచ్చి, బీపీ చూడడం నేర్పి, గుండె జబ్బు ముప్పు ఎవరికి ఎక్కువో పట్టుకోమన్నారు. వాళ్లు పట్టుకున్నారు, డాక్టర్ దగ్గరికి పంపారు, మళ్లీ ఇళ్లకు వెళ్లి చూశారు. అయినా ఆఖర్లో లెక్క చూస్తే బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా మటుకు నేను దీన్ని ఆశల వైఫల్యంగా చదవను. జబ్బు కనిపెట్టడం ఒక పని, ఆ తర్వాత డాక్టరు దొరకడం, మాత్ర దొరకడం, కూలి పోగొట్టుకోకుండా వెళ్లి రాగలగడం వేరే పనులు, ఆ రెండో రకం పనులు ఆమె చేతిలో లేవు.

మన రాష్ట్రంలో కొంత జరిగింది. 2019లో ఆశల గౌరవ వేతనం మూడు వేల నుంచి పది వేలైంది. సచివాలయాల్లో ఏఎన్ఎంలు, అంటే ఊరి నర్సులు, వచ్చారు, విలేజ్ క్లినిక్‌లు వచ్చాయి, 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలై పీహెచ్‌సీ డాక్టరు 104 బండితో పాటు నెలకు రెండుసార్లు ఊరికి రావాలన్నారు. ఇవి ఎవరి హయాంలో వచ్చాయని కొట్టుకోవడం కన్నా, బండి వచ్చే రోజు ఉపాధి పనికో, పొలానికో పోయినవాళ్లకు బిళ్ళలు ఎలా అందాలన్నది నాకు ముఖ్యం.

ఏజెన్సీలో ఇదంతా ఇంకా కష్టం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి పాడేరు, అరకు అల్లూరి జిల్లాలోకి వెళ్లినా, ప్రాణం మీదికొస్తే జనం దిగేది విశాఖ కేజీహెచ్‌కే. ఏజెన్సీలో బీపీ, షుగర్‌తో పాటు సికిల్ సెల్ కూడా ఉంది, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్త జబ్బు అది. దాని కోసం 2023 జూలైలో మొదలైన జాతీయ మిషన్ రక్తపరీక్షలు చేయిస్తోంది, మంచిదే, కానీ జబ్బు తేలిన పిల్లకు ఏళ్ల తరబడి మాత్రలు అందాలి. ఇప్పటికీ డోలీలో మోసుకొచ్చే కొండ ఊళ్లకు ఆ బాధ్యత కూడా ఆశ నడక మీదే పడుతుంది.

2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఆశలకు 180 రోజుల ప్రసూతి సెలవు, 62 ఏళ్ల దాకా పని, గ్రాట్యుటీ ప్రకటించింది. ఎన్నేళ్లుగానో అడుగుతున్నవి. ఇక మందుల సంచి సంగతి చూడాలి. ఆశ కిట్ మొదటి జాబితాలో పారాసెటమాల్, ఓఆర్‌ఎస్, ఐరన్ మాత్రలు ఉన్నాయి, బీపీ, షుగర్ మందులు లేవు. డాక్టరు ఒకసారి చూసి మోతాదు ఖాయం చేసినవాళ్లకు, జబ్బు అదుపులో ఉన్నవాళ్లకు, రెండు మూడు నెలల బిళ్ళలు పేరు రాసిన కవర్లో పెట్టి ఆశ చేతే ఇంటికి పంపాలి, ఆ పనికి విడిగా డబ్బులివ్వాలి, బీపీ పెరిగితే ఆవిడ ఫోన్ చేయగానే ఎత్తే డాక్టరు పీహెచ్‌సీలో ఉండాలి.