స్నో వైట్ అడుగుల్లో మరియన్

1973లో డిస్నీ తీసిన ‘రాబిన్ హుడ్’లో రాత్రిపూట అడవిలో అందరూ చేరి, దొంగ రాజు మీద వెక్కిరింపు పాట పాడుకుంటూ గంతులేసే ఘట్టం ఒకటి ఉంది. అందులో ఆడనక్క మెయిడ్ మరియన్ డాన్స్ చేస్తుంది. 1937 నాటి ‘స్నో వైట్’లో మరుగుజ్జుల ఇంట్లో స్నో వైట్ ఆడే సీను తీసి దీని పక్కన పెట్టి చూడండి. అడుగు వేసే తీరు, చేతుల ఊపు, గిర్రున తిరగడం, అన్నీ అవే. పాత బొమ్మల మీద కాగితం పెట్టి, మనిషి ఉన్నచోట నక్కను గీశారు. అదే పాటలో లిటిల్ జాన్ అనే ఎలుగుబంటి వేసే చిందులు అంతకుముందు ‘జంగిల్ బుక్’ (1967)లో బలూ వేసినవే. రెండు ఎలుగుబంట్లకూ గొంతు కూడా ఫిల్ హారిస్‌దే.

ఈ సీన్లను పక్కపక్కన పెట్టిన వీడియోలు నెట్‌లో తిరగడం మొదలయ్యాక, ‘డబ్బు మిగుల్చుకోవడానికి కాపీ కొట్టారు’ అన్న మాట స్థిరపడిపోయింది. ఆ రోజుల్లో డిస్నీలో పనిచేసిన యానిమేటర్ ఫ్లాయిడ్ నార్మన్ చెప్పింది వేరు. పాత బొమ్మలు వెతికి తీసి, కొత్త పాత్రకు సరిపెట్టడం కంటే కొత్తగా గీసుకోవడమే తేలికట. దర్శకుడు వుల్ఫ్‌గాంగ్ రైథర్‌మన్‌కు మాత్రం ఒకసారి పండిన సీనైతే ధైర్యం.

నాకు ఈ చిన్న సంగతే యానిమేషన్ సినిమాల మీద ఇవాళ నడుస్తున్న గొడవ మొత్తానికి తాళంచెవిలా కనిపిస్తుంది. ‘కొత్త కథలే రావట్లేదు, అన్నీ సీక్వెల్సే’ అని ఒక వర్గం ఫ్యాన్స్, ‘కథ సరే, ఆ మొహాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఏంటి’ అని ఇంకో వర్గం, ‘మా చిన్నప్పటి సినిమాలే సినిమాలు’ అని మూడో వర్గం. ముగ్గురూ ఒకే విషయం మీద కొట్టుకుంటున్నామనుకుంటారు కానీ, ఒరిజినాలిటీ, క్వాలిటీ ఈ రంగంలో మొదటినుంచీ వేర్వేరు దారుల్లోనే నడిచాయి.

కథ సంగతే తీసుకుంటే, అందరూ నెత్తిన పెట్టుకునే స్వర్ణయుగంలో సొంత కథ ఎక్కడుంది? ‘స్నో వైట్’ గ్రిమ్ సోదరులది, ‘పినోకియో’ (1940) కొలోడిది, ‘బాంబి’ (1942) ఫెలిక్స్ సాల్టెన్ నవల. జపాన్ వైపు చూసినా అంతే. దర్శకుడు మియజాకి తీసిన ‘కికీస్ డెలివరీ సర్వీస్’ (1989) ఎయికో కదోనో పుస్తకం నుంచి, ‘హౌల్స్ మూవింగ్ క్యాజిల్’ (2004) డయానా విన్ జోన్స్ నవల నుంచి వచ్చాయి. వాటిని ఎవరూ అరువు కథలని తీసిపారేయలేదు.

సీక్వెల్ జబ్బు కూడా నిన్నమొన్నటిది కాదు. 1933లో వచ్చిన ‘త్రీ లిటిల్ పిగ్స్’ అనే పొట్టి సినిమా అమెరికాను ఊపేసింది. ఇంకా పందులు కావాలన్నారు. వాల్ట్ డిస్నీ తీశారు కూడా, ఒకటి కాదు మూడు. దేనికీ మొదటిదానికొచ్చిన పేరు రాలేదు. పందుల్ని మించిపోవాలంటే పందులతో అయ్యే పని కాదని తర్వాత ఆయనే అనేవారు.

ఇక క్వాలిటీ గొడవ. దీని మూలం ఎక్కువగా గీత దగ్గర, ఆ గీతకయ్యే ఖర్చు దగ్గర ఉంటుంది. 1959లో వచ్చిన ‘స్లీపింగ్ బ్యూటీ’కి సుమారు 60 లక్షల డాలర్లు ఖర్చయింది. ఐవిండ్ ఎర్ల్ వేసిన బ్యాక్‌గ్రౌండ్‌లలో ఒక్కో చెట్టు మీద ఒక్కో ఆకు విడిగా కనిపిస్తుంది. మొదటి విడుదలలో డబ్బులు తిరిగి రాలేదు, స్టూడియోలో చాలామంది ఉద్యోగాలు పోయాయి. తర్వాతి సినిమాను గట్టెక్కించింది జిరాక్స్ మెషిన్. అప్పటిదాకా యానిమేటర్ పెన్సిల్‌తో గీసిన ప్రతి బొమ్మనూ వేరే చేతులు ‘సెల్’ అనే పారదర్శకమైన షీటు మీదకు సిరాతో తిరగరాసేవి. డిస్నీలో సాంకేతిక నిపుణుడైన అబ్ ఐవర్క్స్ ఆ యంత్రాన్ని మలిచి, పెన్సిల్ గీతే నేరుగా సెల్ మీద పడేలా చేశారు. ‘వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషన్స్’ (1961)లో కుక్కల ఒంటి మీద దాదాపు 65 లక్షల మచ్చలున్నాయని స్టూడియో గొప్పగా చెప్పుకుంది. అన్ని మచ్చలూ చేత్తో సిరా దిద్దాల్సి వస్తే ఆ సినిమా అసలు తీసేవాళ్లే కాదు.

ఆ గరుకు గీత వాల్ట్ డిస్నీకే నచ్చలేదు. మెత్తటి సిరా గీతకు అలవాటుపడిన కంటికి అది చిత్తుప్రతిలా కనిపించింది. విచిత్రమేంటంటే, ఇవాళ పాత సినిమాల అభిమానులు కంప్యూటర్ బొమ్మల్ని తిట్టడానికి చూపించేది ఆ గరుకు గీతనే. ‘చూడు, మనిషి చెయ్యి కనిపిస్తోంది’ అంటారు.

1979లో డాన్ బ్లూత్ అనే యానిమేటర్ తనతో మరికొందర్ని తీసుకుని డిస్నీ నుంచి బయటికొచ్చేశారు. పాత పనితనం పోయింది, నీడలు, మెరుపులు లాంటి చిన్న చిన్న వివరాల్ని వదిలేస్తున్నారు అన్నది వాళ్ల బాధ. అంటే క్వాలిటీ పడిపోయిందన్న ఫిర్యాదు మొదట స్టూడియో లోపలే పుట్టిందన్నమాట. ‘ది సీక్రెట్ ఆఫ్ నిమ్’ (1982) ఆ పట్టుదలతో వచ్చిందే. ఆయన 1988లో తీసిన ‘ది లాండ్ బిఫోర్ టైమ్’కు తర్వాత నేరుగా వీడియోకి వచ్చిన సీక్వెల్స్ పదమూడు! వాటిలో బ్లూత్ చెయ్యి లేదు.

కాపీ అన్న నింద పెద్దఎత్తున లేచింది 1994లో, ‘లయన్ కింగ్’తో. జపాన్ కార్టూనిస్టు ఒసాము తెజుకా 1950లో మొదలుపెట్టిన ‘జంగిల్ ఎంపరర్’ మాంగా (జపాన్ కామిక్స్), దాని మీద 1965లో వచ్చిన టీవీ సీరియల్ (అమెరికాలో ‘కింబా ది వైట్ లయన్’) గుర్తున్నవాళ్లు మండిపడ్డారు. జపాన్ కార్టూనిస్టులు కలిసి డిస్నీకి లేఖ రాశారు. సింహప్పిల్ల, చనిపోయిన తండ్రి, ముసలి కోతి, దుష్ట సింహం... పోలికలు లేవని ఎవరూ అనలేరు. అయితే నెట్‌లో రుజువుగా తిరిగే పక్కపక్క ఫొటోల్లో కొన్ని 1997 నాటి ‘జంగిల్ ఎంపరర్ లియో’ సినిమావి. అంటే ‘లయన్ కింగ్’ తర్వాత మూడేళ్లకు వచ్చినవి! ఇంకో సంగతి: తెజుకాకు ‘బాంబి’ అంటే ప్రాణం, దాన్ని మాంగాగా గీశారు కూడా. డిస్నీ జింకపిల్ల నుంచి జపాన్ సింహప్పిల్లకు, అక్కణ్ణుంచి మళ్లీ డిస్నీకి వచ్చిన ఈ చక్రంలో దొంగ ఎవరో తేల్చడం నా వల్ల కాదు.

దీనికంటే బాధ కలిగించే కథ రిచర్డ్ విలియమ్స్‌ది. 1964 ప్రాంతంలో లండన్‌లో మొదలుపెట్టిన ‘ది థీఫ్ అండ్ ది కాబ్లర్’ను, యాడ్స్ తీసి సంపాదించిన డబ్బు పెడుతూ, దాదాపు మూడు దశాబ్దాలు గీశారు. గడువు దాటేసరికి, సినిమా పూర్తవుతుందని హామీ ఇచ్చిన కంపెనీ 1992లో సినిమాను ఆయన చేతుల్లోంచి లాక్కుంది. వేరేవాళ్లు పాటలు ఇరికించి పూర్తిచేశారు. ఆ 1992 చివరే, అలాంటి అరేబియా కథతోనే డిస్నీ ‘అల్లాదీన్’ వచ్చింది. 1995లో ‘థీఫ్’ అమెరికాలో విడుదలయ్యేసరికి, చూసినవాళ్లకు ముందు మొదలైన సినిమాయే నకలులా కనిపించింది. ఆయన గీసిన అసలు రీళ్లను ఏరి, అతికి, తర్వాత అభిమానులే సొంతంగా ఒక వెర్షన్ తయారుచేసుకున్నారు.

1995లో ‘టాయ్ స్టోరీ’తో కంప్యూటర్ వచ్చాక తగువు రంగు మారింది. మూడేళ్లకే ‘యాంట్జ్’, ‘ఎ బగ్స్ లైఫ్’ అని రెండు చీమల సినిమాలు రెండు నెలల లోపు తేడాతో దిగాయి. తర్వాత పదిహేనేళ్లలో బొమ్మలన్నీ ఒకేలా నున్నబడ్డాయి: గుండ్రటి బుగ్గలు, పెద్ద కళ్లు, ప్లాస్టిక్ మెరుపు. ఈ మాట మీద అభిమానులతో నాకు పేచీ లేదు.

ఆ నునుపును పగలగొట్టింది ‘స్పైడర్‌మ్యాన్: ఇంటు ది స్పైడర్‌వర్స్’ (2018). సెకనుకు 24 ఫ్రేములు. మంచుతో నిండిన అడవిలో అనుభవజ్ఞుడైన సాలీడు మనిషి పీటర్ ప్రతి ఫ్రేములోనూ కదులుతాడు. కొత్తగా నేర్చుకుంటున్న మైల్స్ ఒక్కో భంగిమలో రెండేసి ఫ్రేములు ఆగుతాడు, అంటే సెకనుకు 12 బొమ్మలే. అందుకే అతను తడబడుతున్నట్టు మన కంటికి తెలుస్తుంది. పట్టు దొరికే కొద్దీ ఇద్దరి కదలికా ఒకటవుతుంది. తక్కువ బొమ్మలంటే చౌకబారు పని అని దశాబ్దాలుగా ఉన్న ముద్రను తీసుకుని, దాంతోనే పాత్ర మనసు చెప్పారు. పైగా ఇది సరికొత్త కథేమీ కాదు, కామిక్స్ ప్రపంచంలో అందరికీ తెలిసిన సాలీడు మనిషే.

మరి అచ్చంగా కొత్త కథలు వస్తే? ‘టాయ్ స్టోరీ’ తీసిన పిక్సార్ స్టూడియో ‘సోల్’, ‘లూకా’, ‘టర్నింగ్ రెడ్’ మూడింటినీ 2020–22 మధ్య చాలా దేశాల్లో థియేటర్ దాటించి నేరుగా ఇంటి తెరకు పంపింది. ఒరిజినల్ సినిమా ఇంట్లోనే చూడొచ్చని జనానికి అలా అలవాటు చేసింది స్టూడియోనే. తర్వాత ‘ఎలిమెంటల్’ (2023) మొదటి వారాంతం అమెరికాలో 3 కోట్ల డాలర్లు కూడా దాటలేదు. నోటిమాటతో నిలదొక్కుకుని ప్రపంచమంతా కలిపి 49 కోట్లకు పైగా తెచ్చుకుంది. 2024లో ‘ఇన్‌సైడ్ అవుట్ 2’ దాదాపు 170 కోట్లు తెచ్చింది. 2025లో ‘ఎలియో’ ఆరంభ వసూళ్లు పిక్సార్ చరిత్రలోనే అడుగున నిలిచాయి. కొత్తదనం కావాలని అడిగినవాళ్లు మొదటి రోజు ఎందుకు రాలేదని వాళ్లనే తప్పుపట్టేవాళ్లున్నారు. నేరుగా ఇంటి తెరకు పంపిన ఆ మూడు సినిమాల సంగతి మర్చిపోతేనే ఆ మాట అనగలం.

అదే 2025లో యానిమేషన్ ఆస్కార్ ‘ఫ్లో’కు వెళ్లింది. లాట్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్, ఎవరైనా ఉచితంగా దించుకోగల బ్లెండర్ సాఫ్ట్‌వేర్, ఒక్క మాట కూడా లేని సినిమా. అందులో పిల్లి బొచ్చు పోగుపోగుగా కనిపించదు, కుంచెతో పూసినట్టు ఉంటుంది. పోటీలో ‘ఇన్‌సైడ్ అవుట్ 2’ కూడా ఉంది.

2026కి పిక్సార్ రెండు సినిమాలు ప్రకటించింది. మార్చికి ‘హాపర్స్’, కొత్త కథ. జూన్‌కి ‘టాయ్ స్టోరీ 5’.