నవ్వే గుడ్లగూబ పోయింది, ఎర్ర గొడుగు పాతుకుపోయింది

న్యూజిలాండ్‌లో ఒకప్పుడు నవ్వే గుడ్లగూబ ఉండేది. చీకటి పడ్డాక అది అరిచే అరుపుల్లో ఒకటి పిచ్చి నవ్వులా వినిపించేదట, అందుకని తెల్లవాళ్ళు దానికి ఆ పేరు పెట్టేశారు, అక్కడి మూలవాసులైన మావోరీలు మాత్రం ఫేకౌ అనేవాళ్ళు. 1914 జులైలో సౌత్ కాంటర్‌బరీలోని బ్లూక్లిఫ్స్‌లో ఒకటి చచ్చిపడి దొరికింది. గట్టిగా ఆధారం ఉన్న ఆఖరి పిట్ట అదే.

ఇప్పుడు అదే దేశంలో ఎర్రటి టోపీ, దాని మీద తెల్ల మచ్చలతో, పిల్లల బొమ్మల పుస్తకాల్లో కనిపించే పుట్టగొడుగు ఒకటి తెగ మొలుస్తోంది. పేరు ఫ్లై అగారిక్. విషం, తినకూడదు. యూరప్‌లో దీన్ని పాలలో వేసి ఈగల్ని చంపేవాళ్ళు, పేరులో ఈగ అలా వచ్చింది.

ఒకటి పోవడానికీ ఇంకోటి పాతుకుపోవడానికీ దారి వేసింది ఓడలే. మనుషులు రాకముందు ఆ దీవుల్లో సముద్రపువి కాకుండా నేల మీద బతికే పాలిచ్చే జంతువులంటే గబ్బిలాలే, అందుకే ఈ గుడ్లగూబ రాళ్ళ సందుల్లో నిశ్చింతగా గుడ్లు పెట్టుకునేది. మావోరీలతో వచ్చిన ఎలుకల్ని కూడా పట్టుకు తిని బతికేసింది! తర్వాత వలస వచ్చినవాళ్ళు కుందేళ్ళు తెచ్చారు, అవి విపరీతంగా పెరిగి గడ్డి మేసేస్తుంటే వాటి కోసం 1880ల్లో స్టోట్‌లనీ ఫెరెట్‌లనీ (మన ముంగిసల్లాంటివే అనుకోండి) వదిలారు. కుందేళ్ళు తగ్గలేదు, పిట్టల గుడ్లూ పిల్లలూ పోయాయి. మన ఇళ్ళల్లో ఎలుకల కోసం పిల్లిని తెస్తే అది పాలు తాగేసినట్టు, కాకపోతే ఇక్కడ నష్టం తిరిగిరాదు.

పుట్టగొడుగు సంగతి వేరు. మనకి కనబడేది కాయ లాంటిది, అసలు ఒళ్ళు మట్టిలో దారాల్లా పరుచుకుని చెట్టు వేళ్ళ కొసల్ని చుట్టుకుని ఉంటుంది, చెట్టుకి నీళ్ళూ ఖనిజాలూ ఇచ్చి బదులుగా చక్కెర తీసుకుంటుంది. అలా విదేశీ మొక్కల వేళ్ళతో ఎవరి కంటా పడకుండా వచ్చేసింది. పైన్ తోటలకే పరిమితమైతే పెద్ద గొడవ లేదు గానీ, అక్కడి సొంత చెట్లయిన సదరన్ బీచ్‌ల వేళ్ళతోనూ జట్టు కట్టేసింది, స్థానిక శిలీంధ్రాల చోటు లాగేసుకుంటుందేమోనని శాస్త్రవేత్తల టెన్షన్. పైన మొలిచినవి పీకేసి లాభం లేదు, కింద దారాలు అలాగే ఉంటాయి.

గుడ్లగూబకి అలా దాక్కునే వీలేదీ? అది మిగిల్చిపోయింది సున్నపురాయి గుహల్లో కక్కిన ఎముకల కుప్పలు. కప్పలు, బల్లులు, గబ్బిలాలు, చిన్న పిట్టలు, ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఏమేం బతికాయో వాటిని ఏరి చూసే తెలుసుకుంటున్నారు. ఆ పిట్టల్లో కొన్ని ఇప్పుడు లేవు.