స్టైల్ వారసత్వం: డెస్క్‌టాప్ విడ్జెట్లు చేసేవాళ్ల అపోహలు - వాస్తవాలు

విండోస్ డెస్క్‌టాప్ మీద గడియారం లాంటి చిన్న విడ్జెట్లు చూపించే రెయిన్‌మీటర్ అనే ప్రోగ్రాంకి స్కిన్లు రాయడం నాకు ఏళ్లనాటి పిచ్చి. ఆ పిచ్చి ముదిరి సొంతానికి ఒక చిన్న విడ్జెట్ టూల్ కూడా రాసుకున్నాను. రెయిన్‌మీటర్‌లో మీటర్‌స్టైల్ అనే ఆప్షన్ ఉంది కదా, అలాంటిదే నా టూల్‌లోనూ పెడదామని కూర్చున్నప్పుడు ఒక్క సాయంత్రం పని అనుకున్నాను. మూడు వారాలు తినేసింది. కింద రాసిన అపోహల్లో సగం అప్పటిదాకా నావే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రెయిన్‌మీటర్ స్కిన్ అంటే ఒక ఐఎన్ఐ ఫైలు, అంటే సెక్షన్లుగా విడగొట్టి సెట్టింగులు రాసుకునే మామూలు టెక్స్ట్ ఫైలు. అందులో మెజర్ సమాచారం తెస్తుంది: సీపీయూ ఎంత వాడుతోంది, టైమెంత, అలాంటివి. మీటర్ దాన్ని తెరమీద గీస్తుంది. పది మీటర్లకీ ఒకే ఫాంటు, ఒకే రంగు కావాలంటే ఆ లైన్లు పదిసార్లు రాయక్కర్లేదు. ఒక సెక్షన్‌లో ఒక్కసారి రాసి, ప్రతి మీటర్‌లోనూ మీటర్‌స్టైల్ దగ్గర ఆ సెక్షన్ పేరు పెడితే సరి.

అపోహ: స్టైల్ పెట్టడమంటే ఆ లైన్లన్నీ మీటర్‌లోకి కాపీ అవడమే.

ఈ మాటకి మూలం ఉంది. రెయిన్‌మీటర్‌తో పాటు వచ్చే ఇలస్ట్రో స్కిన్లు తెరిస్తే, స్టైల్‌లో ఉన్నదంతా ఇక్కడికి కాపీ అయినట్టే అనే అర్థంలో ఒక కామెంట్ కనిపిస్తుంది. స్కిన్ రాసేవాళ్లకి ఆ మాత్రం చాలు. టూల్ రాసేవాళ్లకి చాలదు.

అసలు జరిగేది వెతుకులాట. మీటర్‌కి ఫాంట్‌సైజ్ కావాలంటే ముందు తన సెక్షన్‌లో చూసుకుంటుంది. అక్కడ లేకపోతేనే స్టైల్ దగ్గరికి వెళ్తుంది. అక్కడా లేకపోతే డిఫాల్ట్. వినడానికి ఇంతే, కానీ నేను బోల్తాపడింది సరిగ్గా ఇక్కడే.

నా టూల్‌లో విలువలు చదివే ఫంక్షన్ ఒకటి ముందునుంచీ ఉంది: రాసి ఉంటే ఆ విలువ ఇస్తుంది, లేకపోతే డిఫాల్ట్ ఇస్తుంది. దాన్ని కదిలించడం ఇష్టంలేక బయట ఒక షరతు తగిలించాను. వచ్చిన విలువ డిఫాల్ట్‌తో సమానమైతే స్టైల్‌లో వెతుకు, అంతే. అన్నీ బాగానే నడిచాయి. కొన్ని రోజులకి ఒక స్కిన్‌లో వింత మొదలైంది. డిఫాల్ట్ సైజు 10. స్టైల్‌లో 14. ఒక్క మీటర్ మాత్రం చిన్నగా ఉండాలని దానిలోనే 10 అని రాశాను. తెరమీద 14 వచ్చింది. 11 రాస్తే 11 వస్తోంది. 9 రాస్తే 9 వస్తోంది. 10 రాస్తే మాత్రం 14! రాత్రి ఒంటిగంటకి ఇది చూస్తే కంప్యూటర్‌కి దయ్యం పట్టిందనే అనిపిస్తుంది.

ఏమీ రాయకపోవడం వేరు, డిఫాల్ట్‌తో సమానమైన విలువని కావాలని రాయడం వేరు. నా షరతు రెండింటినీ ఒకే గాటన కట్టేసింది. చివరికి ఫంక్షన్‌నే మార్చాల్సి వచ్చింది: విలువతో పాటు, అసలు ఆ లైను రాసి ఉందో లేదో కూడా చెప్పేలా. సమానం గుర్తు తర్వాత ఖాళీగా వదిలేసిన లైను సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. నా టూల్‌లో దాన్ని రాసినట్టే లెక్కేశాను. స్టైల్ ఇచ్చిన వెనకరంగుని ఒక్క మీటర్‌లో తీసెయ్యాలంటే వేరే దారి కనబడలేదు.

అపోహ: రెండు స్టైళ్లు ఇస్తే మొదటిదే పెద్దన్న.

పూర్తిగా తిరగేసి చదవండి. రెయిన్‌మీటర్‌లో స్టైళ్ల పేర్ల మధ్య నిలువు గీత పెడతాం. ఒకే ఆప్షన్ రెండింట్లోనూ ఉంటే చివర రాసిన స్టైల్ మాటే చెల్లుతుంది. మామూలు అక్షరాల స్టైల్‌లో తెలుపు, హెచ్చరిక స్టైల్‌లో ఎరుపు ఉన్నాయనుకుందాం. హెచ్చరికని ముందు, మామూలుని వెనక రాస్తే డిస్క్ నిండిపోయినా అక్షరాలు తెల్లగానే ఉంటాయి.

వెబ్‌పేజీలు రాసి వచ్చినవాళ్లు ఇక్కడ ఎక్కువ తడబడతారు. వెబ్‌పేజీల రూపాన్ని చెప్పే భాష సీఎస్ఎస్‌లో ఒక ఎలిమెంట్‌కి రెండు క్లాసులు (అక్కడి స్టైల్ పేర్లు) ఇచ్చినప్పుడు ఆ పేర్లు ఏ వరసలో రాశామన్నది పట్టదు. రెండు రూల్స్ బలం సమానమైతే స్టైల్‌షీట్‌లో ఏ రూలు తర్వాత వచ్చిందన్నదే లెక్క. పైగా సీఎస్ఎస్‌లో వారసత్వం అంటే బయటి ఎలిమెంట్ రంగు లోపలి ఎలిమెంట్‌కి దిగడం. మన విడ్జెట్లలో వారసత్వం అని పిలిచేది దానికంటే క్లాసులు పెట్టుకోవడానికే దగ్గర. 1996లో సీఎస్ఎస్ మొదటి ప్రమాణం వచ్చినప్పటినుంచీ ఈ రెండూ అక్కడ వేరువేరు. మనమే రెండింటికీ ఒకే పేరు పెట్టి గందరగోళపడుతున్నాం. (నా టూల్‌లోనూ అదే పేరు పెట్టాను. ఇప్పుడు మార్చే ఓపిక లేదు.)

అపోహ: వేరియబుల్స్ ఉండగా స్టైల్ ఎందుకు?

వేరియబుల్ ఒక్క విలువని మోస్తుంది, స్టైల్ ఒక కట్ట లైన్లని మోస్తుంది. ఇలస్ట్రోలోనే చూడండి: అక్షరాల రంగు 255,255,255,205 అని వేరియబుల్స్‌లో ఉంటుంది, స్టైల్ ఆ వేరియబుల్‌ని పిలుస్తుంది, మీటర్ స్టైల్‌ని పిలుస్తుంది. రెండూ కలిసి పనిచేసేవే.

అపోహ: ఎక్కడ గీయాలన్నది స్టైల్‌లో పెట్టకూడదు.

సగం నిజం. ఎక్స్, వై విలువలు మామూలు అంకెలుగా స్టైల్‌లో పెడితే మీటర్లన్నీ ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. కానీ రెయిన్‌మీటర్‌లో అంకె పక్కన పెద్దబడి ఆర్ పెడితే, ముందు మీటర్ అంచు ఎక్కడ ముగిసిందో అక్కణ్ణుంచి లెక్క మొదలవుతుంది. స్టైల్‌లో వై విలువ 5ఆర్ అని పెట్టి చూడండి. ప్రతి మీటరూ ముందుదానికి 5 పిక్సెళ్ల కింద దానంతటదే సర్దుకుంటుంది. మధ్యలో ఒక లైను తీసేస్తే కిందివన్నీ పైకి జరుగుతాయి. జాబితా లాంటి స్కిన్ ఏది రాసినా నేను మొదట టైప్ చేసేది ఈ లైనే. చిన్నబడి ఆర్ పడితే మాత్రం లెక్క ముందు మీటర్ పై అంచునుంచి, అక్షరాలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోతాయి.

అపోహ: మెజర్లకీ మీటర్‌స్టైల్ పనిచేస్తుంది.

చెయ్యదు. పేరులోనే ఉంది.

అపోహ: స్టైల్‌కి తల్లి, ఆ తల్లికి తల్లి ఉంటే ఇంకా బాగుంటుంది.

రెయిన్‌మీటర్ స్టైళ్లని పక్కపక్కన పేర్చమంటుంది. నాకది తక్కువనిపించి, స్టైల్ ఇంకో స్టైల్‌ని పిలుచుకునేలా నా టూల్‌లో వీలు కల్పించాను. రెండో రోజే ఎ స్టైల్ బి ని, బి స్టైల్ మళ్లీ ఎ ని పిలిచాయి. టూల్ ఉలుకూ పలుకూ లేకుండా ఆగిపోయింది. ఇప్పుడు వెళ్లిన దారిలో పేర్లు గుర్తుపెట్టుకుంటూ, ఒకే పేరు రెండోసారి ఎదురైతే లాగ్‌లో చెప్పి అక్కడితో ఆపేస్తున్నాను. అయినా ఒక రంగు ఎక్కణ్ణుంచి వచ్చిందో కనుక్కోవడానికి నాలుగు సెక్షన్లు వెనక్కి తవ్వాల్సి వచ్చిన రోజున పక్కపక్కన పేర్చడమే మేలనిపించింది.

అపోహ: మౌస్ పెట్టినప్పుడు రూపం మారాలంటే ఒక్కో ఆప్షన్‌నీ మార్చుకుంటూ పోవాలి.

సెట్‌ఆప్షన్ బ్యాంగ్‌తో (బ్యాంగ్ అంటే రెయిన్‌మీటర్‌కి ఇచ్చే ఆదేశం) ఆ మీటర్ మీటర్‌స్టైల్ విలువనే మార్చేయండి. తర్వాత మీటర్‌ని అప్‌డేట్ చేసి, రీడ్రా చెయ్యండి, అంటే తెరమీద మళ్లీ గీయించండి. రంగు, సైజు, నీడ అన్నీ ఒక్క దెబ్బకి మారతాయి. ఏదో ఒకటి మారకుండా మొండికేస్తే ఆ లైను మీటర్‌లోనే రాసి ఉందేమో చూసుకోండి. సొంత సెక్షన్‌లో ఉన్నదాన్ని ఏ స్టైలూ కదపలేదు.

అపోహ: స్టైళ్లు ఎక్కువైతే స్కిన్ బరువెక్కుతుంది.

ఆప్షన్లు చదివేది స్కిన్ లోడయ్యేటప్పుడు. ఆ తర్వాత ప్రతి అప్‌డేట్‌కీ మళ్లీ చదివేది డైనమిక్‌వేరియబుల్స్ 1 అని ఉన్నవాటికే. అయితే ఆ లైనుని సౌకర్యంగా ఉంటుందని స్టైల్‌లో పడేస్తే, ఆ స్టైల్ వాడే ముప్పై మీటర్లకీ అది అంటుకుంటుంది. బరువు మోపేది ఆ లైను, నింద మోసేది స్టైల్.

అపోహ: స్టైళ్లన్నీ ఒకే ఫైల్లో పెడితే ఇక దిగుల్లేదు.

వేరే ఫైల్లోని లైన్లని స్కిన్‌లోకి తెచ్చుకునే ఇన్‌క్లూడ్‌తో స్టైళ్లని విడిగా పెట్టుకోవడం మంచి అలవాటే. కాకపోతే ఆ ఫైల్‌ని మార్చాక, దాన్ని వాడే స్కిన్లని రిఫ్రెష్ చేసేదాకా తెరమీద పాత రూపమే ఉంటుంది. ఇంకోటి, ఆ ఫైలు ఎక్కడ ఉందన్నది. ఒకసారి నా స్టైళ్లని వేరే స్కిన్ల ఫోల్డర్‌లో పెట్టి, అక్కణ్ణుంచే పిలిచాను. నా కంప్యూటర్‌లో రెండు ఫోల్డర్లూ ఉన్నాయి కాబట్టి చక్కగా వచ్చింది. స్కిన్ ప్యాకేజీ చేసి పంచేటప్పుడు మాత్రం ఆ రెండో ఫోల్డర్ అందులోకి వెళ్లలేదు. స్కిన్ సొంత రిసోర్సెస్ ఫోల్డర్‌లో పెట్టి ఉంటే ఈ తంటా ఉండేది కాదు.

దించుకున్న ఒకతను విడ్జెట్ అస్సలు రావట్లేదన్నాడు. లాగ్ పంపమంటే పంపాడు, మెజర్లన్నీ అంకెలు తెస్తూనే ఉన్నాయి. గంటసేపు మెజర్లనే తిరగేశాను. స్టైల్ దొరకని అక్షరాల మీటర్‌కి డిఫాల్ట్ రంగు నలుపని అప్పుడు వెలిగింది. మీ వాల్‌పేపర్ ఏ రంగని అడిగాను. నలుపే అన్నాడు. తెల్లది పెట్టి చూడమన్నాను.