మాంట్సెరాట్ ట్రిప్: అపోహలు - వాస్తవాలు

కరీబియన్ ట్రిప్స్ బుక్ చేయడమే నా పని, అమెరికాలో ఉండే మనవాళ్లు మాంట్సెరాట్ అనగానే అడిగేవి దాదాపు ఇవే, ఒకసారి రాసి పెడితే ఫోన్లో చెప్పే పని తగ్గుతుంది.

అపోహ: అగ్నిపర్వతం పేలి దీవి మొత్తం పోయింది, అక్కడ ఎవరూ ఉండరు.

వాస్తవం: పోయింది దక్షిణం వైపు. సూఫ్రియేర్ హిల్స్ అనే ఆ అగ్నిపర్వతం 1995 జులైలో పేలడం మొదలెట్టింది, 1997 జూన్ 25న మండే బూడిద, గ్యాసు, రాళ్లు కలిసి కిందికి దూసుకొచ్చి 19 మంది చనిపోయారు, ఆ ఏడాదే రాజధాని ప్లిమత్ బూడిదలో కూరుకుపోయింది, పాత ఎయిర్‌పోర్టూ పోయింది. సగం కంటే ఎక్కువ జనం ఊళ్లొదిలి వెళ్లిపోయారు, చాలామంది బ్రిటన్‌కే. ఉత్తరాన మాత్రం స్కూళ్లు, షాపులు మామూలుగానే నడుస్తున్నాయి, నాలుగు వేల పైచిలుకు మంది ఉంటారు. కాగితాల మీద రాజధాని ఇప్పటికీ ప్లిమతే, ఆఫీసులన్నీ ఉత్తరానున్న బ్రేడ్స్ ఊళ్లో.

అపోహ: టాక్సీ ఎక్కితే ప్లిమత్ చూసి రావచ్చు.

వాస్తవం: పోనివ్వరు. పర్మిషన్ ఉన్న గైడ్‌తోనే వెళ్లాలి, అదీ ఆరోజు కొండ పరిస్థితిని బట్టి. లోపల కొన్నిచోట్ల మేడల కింది అంతస్తు అసలు కనపడదు, బూడిద మీద నిలబడితే పై అంతస్తు కిటికీలు మన ఎదురుగా ఉంటాయి. గ్యారంటీ ఇవ్వమంటారు కొందరు, నేనివ్వను.

అపోహ: బ్రిటిష్ టెరిటరీ కదా, యూకే వీసా, పౌండ్లు ఉంటే చాలు.

వాస్తవం: యూకే వీసా దీనికి ఆటోమేటిక్‌గా పనికిరాదు, దీని రూల్స్ దీనివే. పైగా మామూలుగా పక్క దీవి ఆంటిగ్వా మీదుగా వెళ్లాలి, అది 1981 నుంచి వేరే దేశం, కాబట్టి టికెట్ కొనకముందే రెండు చోట్ల రూల్సూ చూసుకోండి. డబ్బులంటారా, ఈస్ట్ కరీబియన్ డాలర్, ఒక అమెరికన్ డాలర్‌కి 2.70, 1976 నుంచీ అదే రేటు.

ఆంటిగ్వా నుంచి ఫ్లైట్ ఓ 20 నిమిషాలే గానీ చిన్న విమానం, రన్‌వే కొండ మీద, 600 మీటర్లు కూడా ఉండదు, వాతావరణం బాలేకపోతే కదలదు. తిరుగు ప్రయాణంలో ఆంటిగ్వాలో ఒక రాత్రి ఖాళీ పెట్టుకోండి, అదేరోజు న్యూయార్క్ కనెక్షన్ అంటే మాత్రం నన్నడగొద్దు.

అపోహ: మార్చి 17న ఐరిష్ వాళ్ల పండగ సెయింట్ పాట్రిక్స్ డేకి సెలవిస్తారు కాబట్టి అక్కడుండేది ఐరిష్ వాళ్లు.

వాస్తవం: ఐరిష్ వలసదారుల పేర్లు మిగిలాయి నిజమే, జనం ఎక్కువమంది ఆఫ్రికన్ మూలాల వాళ్లు. 1768లో అదే రోజున బానిసలు తిరుగుబాటుకి ప్లాన్ చేస్తే ముందే బయటపడి అణిచేశారు, వాళ్లను తలుచుకునే రోజు కూడా అదే. ఆ టైంలో వెళ్తే గోట్ వాటర్ తినండి, లవంగాలు పడిన పలచటి మేకమాంసం పులుసు, బ్రెడ్‌తో ఇస్తారు.

తెల్ల ఇసుక బీచ్ అంటే రాండెవూ ఒక్కటే, పడవలోనో కొండ దాటి నడిచో వెళ్లాలి, మిగతావన్నీ నల్ల ఇసుకే. పిల్లలతో రిసార్ట్ సెలవు కావాలంటే ఆంటిగ్వాలోనే ఆగిపోండి, నేనూ అదే బుక్ చేస్తా.