కోర్టు ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్: నాంపల్లిలో రోజూ వినే అపోహలు

కోర్టు ఉద్యోగాల సెలక్షన్ లిస్టు వచ్చిందంటే నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీస్ చేసే మాలాంటి వాళ్లకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "సార్, అటెస్టేషన్ ఫారం ఇచ్చారు. కేసుల కాలమ్‌లో ఏం రాయమంటారు?" ప్రాసెస్ సర్వర్ (కోర్టు సమన్లు ఇళ్లకు తీసుకెళ్లి ఇచ్చే ఉద్యోగి), ఆఫీస్ సబార్డినేట్, కాపీయిస్ట్, జూనియర్ అసిస్టెంట్, పోస్టు ఏదైనా ప్రశ్న అదే. పోలీసులు సరిచూసేందుకు అభ్యర్థి తన వివరాలు రాసిచ్చే ఫారం అది. మాకు ఫోన్ చేసేలోపే అశోక్‌నగర్ హాస్టల్లో ఎవరో ఒకరు ఉచిత సలహా ఇచ్చేసి ఉంటారు. ఆ సలహాల సంగతే ఇది.

అపోహ: శిక్ష పడలేదు కదా, "లేదు" అని రాసేయొచ్చు.

వాస్తవం: ఫారం నెమ్మదిగా చదవండి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా, బైండోవర్ చేశారా (మంచిగా నడుచుకుంటానని పూచీకత్తు రాయించుకున్నారా), కోర్టు జరిమానా వేసిందా, శిక్ష పడిందా, ఇప్పుడు ఏదైనా కేసు పెండింగులో ఉందా, ఇలా సాధారణంగా ఒక్కోటి విడిగా అడుగుతారు. శిక్ష వాటిలో ఒకటి మాత్రమే. కొట్టేసిన కేసు కూడా ఒకప్పుడు నడిచిన కేసే.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఈ చిక్కంతా విడదీసి చెప్పింది. ఫారంలో అడిగింది నిజంగా రాయాలి. అడగని విషయం రాయలేదని అభ్యర్థిని తప్పుపట్టకూడదు. అందుకే ప్రశ్న స్పష్టంగా ఉండాలి. చిన్న వయసులో నినాదాలు చేసినందుకు పెట్టిన కేసులాంటి చిన్నవి దాచినా, నియామక అధికారి తన విచక్షణతో వదిలేయొచ్చు. తెలంగాణ ఉద్యమ కాలంలో ఓయూలో చదివినవాళ్లు ఈ చివరి మాట పట్టుకుని వస్తారు. "వదిలేయొచ్చు" అన్నది అధికారికి ఇచ్చిన వెసులుబాటు, మనం డిమాండ్ చేసేది కాదు. ప్రభుత్వం కేసు ఎత్తేసిందన్నా, పబ్లిక్ ప్రాసిక్యూటర్ పిటిషన్ వేసి, కోర్టు ఒప్పుకుంటేనే అది ముగిసినట్టు. ఆ ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ మీ దగ్గర ఉందా? చాలామంది దగ్గర పేపర్ కటింగ్ ఒక్కటే ఉంటుంది.

అపోహ: డ్రంక్ అండ్ డ్రైవ్ అంటే చలానా లాంటిదే.

వాస్తవం: కాదు. హైదరాబాద్ కుర్రాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. హెల్మెట్ లేదని వచ్చిన ఈ-చలానా ఫోన్లో కట్టేస్తే అక్కడితో అయిపోతుంది. మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ కింద తాగి నడిపితే మొదటిసారే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మేజిస్ట్రేట్ ముందు నిలబడి, తప్పు ఒప్పుకుని, జరిమానా కట్టి బయటపడ్డారంటే అది నేరం రుజువైనట్టే. చట్టం దృష్టిలో శిక్షే.

పెట్టీ (చిన్నాచితకా) కేసులూ అంతే. 1348 ఫసలీ నాటి హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం ఇప్పటికీ నడుస్తోంది. నిజాం కాలంలో పుట్టిన చట్టం, రాత్రిపూట రోడ్డు మీద గోల చేసిన ఇప్పటి పిల్లల మీద పనిచేస్తోంది. స్టేషన్‌లో ఫొటో తీసి, కోర్టులో హాజరుపరిస్తే, జరిమానా కట్టి మర్చిపోతారు. ఫారంలో "జరిమానా" అన్న మాట ఉంటే ఇదీ రాయాలి. ఇలాంటివి రాసినందుకు ఉద్యోగం పోయిన కేసు నా దగ్గరకు ఇంతవరకు రాలేదు. దాచి, షోకాజ్ నోటీసు పట్టుకుని వచ్చినవాళ్లు మాత్రం ఉన్నారు.

అపోహ: లోక్ అదాలత్‌లో రాజీ అయింది కాబట్టి అసలు కేసే లేదు.

వాస్తవం: అన్నావదినల గొడవలో 498ఎ (భర్త, అత్తింటివాళ్ల వేధింపులు) కింద మరిది పేరు కూడా పెట్టడం మనకు కొత్త కాదు. ఇప్పుడైతే అది బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 85. చట్టప్రకారం రాజీ పడితే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. కాబట్టి "శిక్ష పడిందా"కు లేదు, "కేసు నడిచిందా"కు అవును. రెండూ నిజమే, రెండూ రాయాలి, లోక్ అదాలత్ ఇచ్చిన అవార్డు (ఆర్డర్) కాపీ జతచేయాలి.

సాక్షులు అడ్డం తిరిగి కేసు కొట్టేసిన సందర్భం వేరు. నైతికంగా తీవ్రమైన నేరంలో సాంకేతిక కారణంతో బయటపడితే, ఆ తీర్పు చదివి నిర్ణయించుకునే అధికారం నియామకం చేసేవాళ్లకు ఉంది.

అపోహ: నిజం రాస్తే ఇక ఢోకా లేదు.

వాస్తవం: ఇది వినడానికి బాగుంటుంది గానీ అవతార్ సింగ్ తీర్పు అలా చెప్పలేదు. నిజం రాసినా పూర్వాపరాలు చూసి నిర్ణయించొచ్చు. కోర్టుల్లో పని చూస్తే కారణం అర్థమవుతుంది. ప్రాసెస్ సర్వర్ "ఇంటికి తాళం" అని ఒక్క ముక్క రాసుకొస్తే కేసు నెలల తరబడి జరగదు. కేసు కట్టలు, స్వాధీనం చేసుకున్న సొత్తు, సర్టిఫైడ్ కాపీలు అన్నీ ఈ సిబ్బంది చేతుల మీదుగానే వెళ్తాయి. ఫోర్జరీ కేసు పెండింగులో ఉన్నవాణ్ని కాపీయింగ్ సెక్షన్‌లో కూర్చోబెట్టడానికి ఏ జిల్లా జడ్జీ ఇష్టపడరు.

"పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) తెచ్చుకున్నాను, చాలదా?" చాలదు. అది మీరు అప్లై చేసి తెచ్చుకునేది. నియామకానికి ముందు డిపార్ట్‌మెంట్ మీ ఫారాన్ని నేరుగా పోలీసులకు పంపిస్తుంది. నల్గొండ నుంచి వచ్చి చిక్కడపల్లిలో అద్దెకుంటే రెండు చోట్లా విచారణ జరగొచ్చు. ఇక "స్పెషల్ బ్రాంచ్ కానిస్టేబుల్‌ని చూసుకుంటా" అనే మధ్యవర్తులకు దూరంగా ఉండండి. ఎఫ్ఐఆర్‌లు పోలీసుల కంప్యూటర్ రికార్డు సీసీటీఎన్ఎస్‌లో, కేసులు కోర్టుల ఆన్‌లైన్ రికార్డు ఈ-కోర్ట్స్‌లో ఉన్నాక ఒక మనిషిని పట్టుకుంటే ఏం మాయమవుతుంది?

అపోహ: పదిహేనేళ్ల వయసులో పడిన కేసు జీవితాంతం వెంటాడుతుంది.

వాస్తవం: జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ అలాంటి కేసుతో వచ్చే అనర్హతను తీసేసింది. 2019లో రమేష్ బిష్ణోయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా బాల్యంలోని కేసు చూపి ఉద్యోగం నిరాకరించకూడదని చెప్పింది. పదహారు దాటి, ఘోరమైన నేరంలో పెద్దవాళ్లలా విచారణ జరిగి దోషిగా తేలినవాళ్లకు మాత్రం ఈ రక్షణ లేదు.

అపోహ: పారా లీగల్ వాలంటీర్ల (న్యాయ సేవల సంస్థల తరఫున జనానికి సాయపడేవాళ్ల) కేసులు ఎవరు చూస్తారు?

వాస్తవం: పారా లీగల్ వాలంటీర్లకు జీతం లేదు, గౌరవ వేతనమే. అయినా నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) పథకం ప్రకారం క్రిమినల్ కేసులో అభియోగం ఉంటే తొలగించొచ్చు. పురానీ హవేలీ న్యాయ సేవా సదన్‌లో దరఖాస్తు ఇచ్చేముందే ఆ విషయం చెప్పేయండి. విచిత్రమేమిటంటే, దీర్ఘకాలిక శిక్ష అనుభవిస్తూ సత్ప్రవర్తనతో ఉన్న చదువుకున్న ఖైదీలను వాలంటీర్లుగా తీసుకోవచ్చని అదే పథకంలో ఉంది. తోటి ఖైదీకి అప్పీలు ఎలా వేయాలో చెప్పడానికి వాళ్లకంటే దగ్గరివాళ్లు ఎవరుంటారు?

ఇంకొకటి, ఇది ఎవరూ అడగరు. ఫారం ఇచ్చేశాక, నియామక ఆర్డర్ రాకముందు కేసు పడితే? చాలా ఫారాల చివర సంతకం పైన చిన్న అక్షరాల్లో ఉంటుంది: తర్వాత జరిగినవి కూడా వెంటనే తెలియజేయాలని. లెటర్ రాసి, తపాల్ (ఉత్తరాలు తీసుకునే) సెక్షన్‌లో ఇచ్చి, ముద్ర వేసిన కాపీ తీసుకోండి.