వాలు, అంతరఖండం: రెండు గీతల్ని పోల్చడంలో అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. 'వై = ఎమ్ఎక్స్ + సి' అని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. ఇందులో ఎమ్ అంటే వాలు, ఎక్స్ ఒకటి పెరిగితే వై ఎంత మారుతుందో చెప్పేది. సి అంటే వై-అంతరఖండం, ఎక్స్ సున్నా అయినప్పటి వై విలువ. రెండు రేఖీయ ప్రమేయాలిచ్చి (గ్రాఫు గీస్తే సరళరేఖ వచ్చే సంబంధాలు) పోల్చమంటేనే తడబడతారు. ఏటా అవే తప్పులు.

అపోహ: నిటారుగా కనబడే గీతకే వాలు ఎక్కువ.

మొన్న ఒక అబ్బాయి రెండు గ్రాఫు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పరిచి, "ఇదే సార్ ఎక్కువ, చూస్తానే తెలుస్తాంది" అన్నాడు. "ముందు స్కేలు చదువప్పా" అన్నాను. రెండింట్లో ఎక్స్-అక్షం మీద 1 సెం.మీ.కి 1 కిలోమీటరే. వై-అక్షం మీద మాత్రం మొదటిదాంట్లో 1 సెం.మీ.కి 10 రూపాయలు, రెండోదాంట్లో 50. మొదటి గీత ఒక సెంటీమీటరు కుడికి జరిగితే రెండు సెంటీమీటర్లు లేస్తోంది, అంటే కిలోమీటరుకు 20 రూపాయలు. రెండోది ఒక్క సెంటీమీటరే లేస్తోంది, కానీ అది 50 రూపాయలు. అబ్బాయి వేలు పెట్టి గడులు లెక్కపెట్టుకున్నాక గానీ ఒప్పుకోలేదు. అలాగే లెక్కపెట్టాలి కూడా. ఒకే అక్షాల మీద గీసిన గీతలనైతే కంటితో పోల్చవచ్చు, వేర్వేరు కాగితాలైతే అంకెలతోనే పోల్చాలి.

అపోహ: పట్టికలో మొదటి విలువే వై-అంతరఖండం.

ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. కక్కలపల్లి మండీకి టమోటా బాక్సులు తోలే రెండు లగేజీ ఆటోలు ఉన్నాయనుకుందాం. మొదటి ఆటో బాడుగ పట్టికలో ఉంది: 10 కిలోమీటర్లకు 500 రూపాయలు, 25 కిలోమీటర్లకు 800. రెండో ఆటో బాడుగ సమీకరణంగా ఇచ్చారు: వై = 15ఎక్స్ + 400. పిల్లలు చప్పున "మొదటిదాని అంతరఖండం 500 సార్" అంటారు. 500 అనేది 10 కిలోమీటర్ల దగ్గరి విలువ. అంతరఖండం అంటే ఎక్స్ సున్నా అయినప్పటి విలువ, బండి ఇంకా కదలకముందే పడే బాడుగ. 15 కిలోమీటర్లు పెరిగితే 300 పెరిగింది కాబట్టి వాలు 20. పది కిలోమీటర్లు వెనక్కి వస్తే 200 తగ్గి 300 మిగులుతుంది. అంతరఖండం 300.

అపోహ: వాలు ఎక్కువున్న ప్రమేయం విలువే ఎప్పుడూ ఎక్కువ.

అవే ఆటోలు చూడండి. మొదటిదాని వాలు ఎక్కువ, అంతరఖండం తక్కువ. 20 కిలోమీటర్ల దగ్గర రెండూ 700 అవుతాయి. అంతకు దగ్గరి ఊరికి మొదటి ఆటో చవక, దూరమైతే రెండోది. ఎక్కడ మొదలైంది, ఎంత వేగంగా మారుతోంది అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఒకదాని జవాబు చూసి రెండోది చెప్పలేం.

అపోహ: సరళరేఖ అయితే ఎక్స్ రెట్టింపైతే వై కూడా రెట్టింపే.

అంతరఖండం సున్నా అయితేనే అలా అవుతుంది. సెల్సియస్‌ను 1.8తో హెచ్చించి 32 కలిపితే ఫారెన్‌హీట్. 20 డిగ్రీలకు 68 వస్తుంది, మన ఎండాకాలపు 40 డిగ్రీలకు 104 మాత్రమే, 136 కాదు.

అపోహ: వాలు అంటే కిందికి దిగడమే.

దీనికి పిల్లల్ని తప్పుపట్టలేను. ఇంట్లో వాలడమంటే ఒరగడమే, పొలంలో వాలంటే నీళ్లు పారే పల్లమే. గణితంలో ఎక్కే గీతకు ధన వాలు, దిగే గీతకు రుణ వాలు. వాలు -5, వాలు 2 పోలిస్తే సంఖ్యగా 2 పెద్దది, వేగంగా మారేది మాత్రం -5 గీత. ప్రశ్న ఏది అడిగిందో చూసి రాయాలి.

అపోహ: రేటు చెప్పారంటే అది సరళరేఖే.

బోరు వేయించిన రైతుల పిల్లలకు ఇది వెంటనే తెలుస్తుంది. లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు కూడా పెంచుతారు. కాబట్టి అది ఒకే వాలున్న గీత కాదు, మలుపు మలుపుకూ వాలు పెరిగే ముక్కల గీత. మొదటి 300 అడుగుల రేటుతో 800 అడుగులకు లెక్క వేసుకుంటే డబ్బు చాలదు. రేటు ఏయే అడుగు దగ్గర మారుతుందో నాన్నను అడిగి రమ్మంటాను, మరుసటి రోజు ఆ అంకెలతోనే బోర్డు మీద గీస్తాం.